మూడో చీటీ

రమ్లా ట్రామ్ షట్బీ స్టేషన్ దాటేసరికి బుత్రస్‌కి ఇంకా రెండు నిమిషాల ఆయుష్షు ఉంది. ఆ సంగతి అతనికి తెలీదు. పక్కనే తోలు పట్టీ పట్టుకుని నిలబడ్డ వగీహ్‌కీ తెలీదు.

అలెగ్జాండ్రియాలో ఏప్రిల్ నెల. బుధవారం పొద్దున్న ఎనిమిదీ నలభై. ఎడారి గాలి మొదలైంది. ట్రామ్ కిటికీల మీద పసుపు రంగు దుమ్ము పేరుకుపోతోంది. బుత్రస్, వగీహ్ ఒకే ఆఫీసు మనుషులు, ఆరేళ్ల స్నేహితులు. కానీ ట్రామ్‌లో వాళ్లిద్దరూ ఒకరికొకరు కొత్తవాళ్లు. అది రూల్.

బుత్రస్ పేపర్ విప్పి, ప్రకటనలు చదువుతున్నట్టు పెదవులు కదిపాడు.

"రెండు, ఐదు, ఒకటి. మొత్తం నూట ముప్పై తొమ్మిది. గురువారం."

మరోసారి చెప్పాడు. వగీహ్ ఆవులించాడు. విన్నానని దానికర్థం.

ఎదురు సీటులో స్వెటర్ అల్లుకుంటున్న ఒక లావుపాటి విదేశీ దొరసాని, తన స్టాప్ వచ్చిందని లేచింది. జనంలోంచి తోసుకుంటూ, "క్షమించండి, క్షమించండి" అంటూ దిగిపోయింది. ఆమె వెళ్లాక చూస్తే ఊలు ఉండ సీటు మీదే ఉంది. అల్లిక సూది ఒకటి బుత్రస్ పక్కటెముకల మధ్య ఉంది.

"నీళ్లు..." అన్నాడు బుత్రస్. అన్నది వగీహ్‌తో కాదు, ఎవరితోనూ కాదు. చచ్చిపోతూ కూడా రూల్ తప్పలేదు.

వగీహ్ తర్వాతి స్టేషన్‌లో దిగాడు. వెనక్కి తిరిగి చూడలేదు. బుత్రస్‌కి నలుగురు ఆడపిల్లలు. పెద్దదానికి లెక్కలు రావని, ఆదివారాలు వగీహే వెళ్లి చెప్పేవాడు.

*

బయట బోర్డు మీద 'ప్రత్తి నాణ్యతా పరీక్షా కేంద్రం' అని ఉంటుంది. నాలుగో అంతస్తు కిటికీల్లోంచి రేవు మొత్తం కనిపిస్తుంది. లోపల ప్రత్తి గురించి తెలిసినవాడు ఒక్కడూ లేడు.

డైరెక్టర్ ఇస్మత్ బే టర్కీ కాఫీ కప్పు పక్కకు నెట్టి కాగితం తీశాడు. అరవై ఏళ్ల మనిషి, ఇస్త్రీ మడత నలగని సూటు. 'బే' అన్నది పాతకాలపు టర్కీ బిరుదు, మన 'దొర' లాంటిది. పదేళ్ల కిందట తంతా పట్టణంలో ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పుకుంటున్న వగీహ్‌ని ఈ ఉద్యోగంలోకి తెచ్చింది ఆయనే. అప్పటి నుంచీ పిలుపు కూడా అదే.

"చెప్పు మాస్టారూ."

వగీహ్ చెప్పాడు. ఇస్మత్ బే ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. ఆ కాగితం మీద అప్పటికే ఒక వరస ఉంది. పోయిన వారం హిల్మీ పంపింది. హిల్మీ హోటల్లో బట్టలుతికే పనివాడి వేషంలో ఉండేవాడు. ఒక విదేశీ అతిథి గడ్డం గీసుకునే డబ్బాలోంచి చీటీ కాపీ చేశాడు. మూడో రోజున మహ్మూదియా కాలువలో తేలాడు.

ఈ చీటీలు రాసిన విదేశీ ముఠా పద్ధతి వగీహ్‌కి నచ్చింది. శత్రువైనా సరే, బుర్ర ఉన్నవాడే. రేవులో ఎక్కడో బాంబు పెట్టారు. ఎక్కడన్నది మూడు అంకెల్లో ఉంది. ఓడ ఆగే బెర్త్ నంబరు, గిడ్డంగి నంబరు, పేలే గంట. ఆ మూడు అంకెలూ ముఠాలో ఎవరికీ చెప్పలేదు. ముగ్గురు మనుషులకు తలా ఒక చీటీ, తలా ఒక సమీకరణం ఇచ్చారు. ముగ్గురూ కలిసి కూర్చుంటే తప్ప జవాబు రాదు. ఒకణ్ణి పట్టుకుని గోళ్లు పీకినా వాడు చెప్పగలిగేది మూడో వంతు కూడా కాదు.

మొదటి చీటీ: బెర్త్‌కి మూడు రెట్లు, గిడ్డంగికి రెండు రెట్లు, గంటకి ఐదు రెట్లు, కలిపితే నూట అరవై.

రెండో చీటీ: బెర్త్‌కి రెండు రెట్లు, గిడ్డంగికి ఐదు రెట్లు, గంట ఒక్కటీ, కలిపితే నూట ముప్పై తొమ్మిది.

"తెలియనివి మూడు. మన దగ్గరున్నవి రెండు. ఇంకోటి కావాలి" అన్నాడు వగీహ్.

"దెస్పీనా తెస్తానంది. రేపు ఒంటిగంటకి."

"ఆవిడ వాళ్ల దగ్గరా జీతం తీసుకుంటుంది, మన దగ్గరా తీసుకుంటుంది. నమ్మొచ్చా బే?"

"నమ్మడం మన ఉద్యోగంలో లేదు మాస్టారూ. వాడుకోవడమే."

వగీహ్ తలుపు దాకా వెళ్లి ఆగాడు. "హిల్మీ పేరు, బుత్రస్ పేరు వాళ్లకెలా తెలిశాయి?"

"ముందు ఈ లెక్క తేల్చు. ఆ లెక్క నేను చూసుకుంటాను."

*

గురువారం మధ్యాహ్నానికి గాలి ఇంకా ముదిరింది. ఎదుటి మనిషి ముఖం ఆనడం లేదు. దెస్పీనా టోపీల కొట్టు గాజు తలుపు తోసుకుని వగీహ్ లోపలికి వెళ్లాడు. బంగారు ఫ్రేము కళ్లద్దాలు, అంటించిన మీసం, చేతికర్ర. బేరాలాడే పల్లెటూరి భూస్వామి వేషం.

"గోధుమరంగు టోపీ ఉందా మదాం?"

"తలని బట్టి ఉంటుంది."

కోడ్ సరిపోయింది. దెస్పీనా నవ్వింది. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్లోనే. తాత గ్రీసు నుంచి వచ్చాడు. నలభై దాటినా, ఆమె వీధిలో నడుస్తుంటే ట్రామ్ డ్రైవర్లు గంట కొట్టడం మర్చిపోతారు. నల్ల గ్లోవ్ తీసి, అరచేతిలోని చీటీ అతని టోపీలోకి జార్చింది.

"వాళ్లవాడు నిద్రపోతుంటే వాచీ మూతలోంచి తీశాను. మీసం బాలేదు ప్రొఫెసర్, ఎడమ పక్క ఊడుతోంది."

ఎదురుగా కాఫీ హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చుని, సిగరెట్ పెట్టె చింపి వెనకవైపు రాయడం మొదలుపెట్టాడు వగీహ్.

మూడో చీటీ: బెర్త్‌కి ఐదు రెట్లు, గిడ్డంగికి ఏడు రెట్లు, గంటకి ఆరు రెట్లు, కలిపితే రెండు వందల తొంభై తొమ్మిది.

గంటని కొట్టేశాడు. బెర్త్‌ని కొట్టేశాడు. గిడ్డంగి మిగలాలి. మిగల్లేదు. అన్నీ ఒకదాన్నొకటి తినేసి చివర్లో ఒకటే మిగిలింది. సున్నా ఈజ్ ఈక్వల్ టు సున్నా.

మళ్లీ చేశాడు. మళ్లీ అదే.

బడిలో ఆడపిల్లలు ఇలాగే సున్నా దగ్గరికి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకునేవారు. "నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా" అని చెప్పేవాడు వాళ్లకి. "లెక్క ఇచ్చినవాడు మోసం చేశాడు. చెప్పిందే మళ్లీ చెప్పి కొత్త సంగతి అన్నాడు."

చీటీలు మూడూ పక్కపక్కన పెట్టాడు. మూడూ రెండూ ఐదు. రెండూ ఐదూ ఏడు. ఐదూ ఒకటీ ఆరు. నూట అరవై, నూట ముప్పై తొమ్మిది, రెండు వందల తొంభై తొమ్మిది. ఎవడో మొదటి రెండు చీటీలు ముందు పెట్టుకుని తీరిగ్గా కూడి, మూడోది తయారుచేశాడు.

కాఫీ చల్లారిపోయింది. 

ముఠా నాయకుడికి తన మూడు చీటీలూ తెలుసు, నిజమే. కానీ హిల్మీని, బుత్రస్‌ని చంపించినా, వాళ్లు చచ్చేలోపు ఏ రెండు చీటీలు ఇవతలి వాళ్లకి అందించారో వాడికెలా తెలుస్తుంది? బుత్రస్ రెండో చీటీ కాగితం మీద పెట్టనే లేదు. పేపర్ చాటున నోటితోనే చెప్పాడు. ఆ రెండు వరసల్ని ఒకే కాగితం మీద చూసినవాళ్లు ఈ లోకంలో ఇద్దరు. ఒకడు వగీహ్.

రెండోవాడి పేరు మనసులో అనుకోవడానికి కూడా అతనికి కాసేపు పట్టింది.

గోడ గడియారం ఒంటిగంటా యాభై చూపిస్తోంది. బాధపడ్డానికి టైము లేదు. మూడో సమీకరణం లేదు, ఇక రాదు. ఉన్న రెండింటితోనే ఈదాలి. బెర్త్‌కి సగం ఉండదు. గిడ్డంగికి పావు ఉండదు. అన్నీ నిండు అంకెలే. ఆ ఒక్క పట్టు చాలేమో. చిన్నప్పుడు మేనత్త వేసిన పిట్టల లెక్కలు ఇలాంటివే. సంతలో బాతులిన్ని, పావురాలిన్ని కొన్నామంటుంది. చెప్పిన ముక్కలు తక్కువే, కానీ అరపిట్టని ఎవరూ అమ్మరు కాబట్టి జవాబు దొరుకుతుంది.

రెండో చీటీలోంచి గంటని తెచ్చి మొదటిదాంట్లో పెట్టాడు. బెర్త్‌కి ఏడు రెట్లు, గిడ్డంగికి ఇరవైమూడు రెట్లు, కలిపితే ఐదు వందల ముప్పై ఐదు. గిడ్డంగి ఒకటి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే వేసి చూశాడు. నిండు అంకెలు మూడుచోట్లే కుదిరాయి.

అరవయ్యో బెర్త్, ఐదో గిడ్డంగి. అప్పుడు గంట మైనస్ ఆరు. అల్లా గడియారంలో అలాంటి గంట లేదు.

ముప్పై ఏడో బెర్త్, పన్నెండో గిడ్డంగి. తెల్లవారి ఐదు. గురువారం ఐదు దాటి తొమ్మిది గంటలైంది. ఊరు ఊరుగానే ఉంది.

పద్నాలుగో బెర్త్, పంతొమ్మిదో గిడ్డంగి. పదహారు గంటలు. అంటే సాయంత్రం నాలుగు.

మధ్యలో రెండు గంటలుంది. ఫోన్ ఎవరికి చేస్తాడు? రేవు కమాండర్‌కి చేస్తే, ఆయన నిజమో కాదో కనుక్కోడానికి మొట్టమొదట ఇస్మత్ బేకే ఫోన్ చేస్తాడు.

*

దెస్పీనా కొట్టు మూసేస్తోంది. కాళ్ల దగ్గర సూట్‌కేసు ఉంది. వగీహ్ లోపలికొచ్చి తలుపు గడియ పెట్టి, మీసం పీకి బల్ల మీద పెట్టాడు.

"చీటీ ఎవరిచ్చారు?"

"చెప్పాను కదా, వాచీ..."

"మదాం. నిన్న బుత్రస్ చచ్చిపోయాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. ఇవాళ నాకు ఓపిక లేదు."

ఆమె అతని ముఖం చూసింది. నవ్వు చెరిగిపోయింది.

"మీ బేనే ఇచ్చాడు. నీ చేతికి నేనివ్వాలన్నాడు. ఎందుకని అడగలేదు. ఇరవై ఏళ్లుగా ఎవర్నీ ఏదీ అడగలేదు, అందుకే బతికున్నాను." సూట్‌కేసు వైపు చెయ్యి చూపించింది. "ఇదే ఆఖరి పని అన్నాడు. టికెట్ కూడా ఆయనే కొన్నాడు. గ్రీసుకి, పిరేయస్ రేవుకి వెళ్లిపోతున్నాను. మా అక్క ఉందక్కడ."

"ఓడ ఎప్పుడు?"

"నాలుగున్నరకి. నాలుగింటికల్లా బెర్త్ దగ్గర ఉండమన్నాడు. ఆలస్యం చెయ్యొద్దని రెండుసార్లు చెప్పాడు, పాపం."

"ఏ బెర్త్?"

టికెట్ తీసి చూసింది. "పద్నాలుగు."

వగీహ్ సిగరెట్ పెట్టె ముక్క ఆమె ముందు పెట్టాడు. చివరి వరస మీద వేలుంచాడు. ఆమెకు లెక్కలు రావు. కానీ ఆ పద్నాలుగు పక్కన నాలుగు గంటలని ఉంటే, చదవడానికి లెక్కలు అక్కర్లేదు.

కుర్చీలో కూలబడింది. "నా పుట్టినరోజుకి పువ్వులు పంపిస్తాడు ప్రొఫెసర్. ఏటా. తప్పకుండా."

"పద్నాలుగో బెర్త్ పక్కనే ఫిరంగి గుండ్ల ఓడ ఉంది. గిడ్డంగి పేలితే అది పేలుతుంది. అది పేలితే వెనకున్న గుమ్రుక్ పేట మొత్తం ఉండదు. నలభై వేల మంది. నువ్వెళ్లిపో. ఊరవతలికి. ఇంకా టైముంది."

దెస్పీనా లేచింది. అద్దం ముందు నిలబడి, తాపీగా ఎర్ర టోపీ పెట్టుకుని పిన్ను గుచ్చుకుంది.

"నేను లేకుండా ఆ గేటు ఎలా దాటుతావ్? నీకు ఆ మీసం అంటించుకోవడమే రాదు."

*

మూడు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు. నీలం జుబ్బా, నెత్తిన గుడ్డ, చేతిలో బేళ్లు లాగే ఇనుప కొక్కెం. భూస్వామి పోయి కూలీ వచ్చాడు. దెస్పీనా సూట్‌కేసు భుజాన పెట్టుకుని, ఆమె వెనకే గేటు దాటాడు వగీహ్. ఓడ ఎక్కడానికి మూడు వందల మంది పిల్లాపాపలతో, మూటలతో వరసలో నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక, ముప్పై అడుగుల దూరంలో పంతొమ్మిదో గిడ్డంగి.

తలుపు ముందు పెట్టె మీద కూర్చుని ఒక లావుపాటి దొరసాని స్వెటర్ అల్లుకుంటోంది.

వగీహ్ సూట్‌కేసు దించాడు. "ఆవిడే" అన్నాడు.

"ఎవరు?"

"బుత్రస్‌ని..."

"సరే. నువ్వు అటు పక్కనుంచి రా" అంది దెస్పీనా. గ్లోవ్స్ సర్దుకుంది. నేరుగా దొరసాని ముందుకు నడిచి, ఒక్క కేక పెట్టింది. ఆ కేక రేవంతా వినబడింది.

"కలరా! అయ్యో దేవుడా, ఈవిడకి కలరా! ఇప్పుడే వాంతి చేసుకుంది, నా కళ్లారా చూశాను!"

ఆ మాటకి మూడు వందల మందీ ఒక్కసారి వెనక్కి తగ్గారు. ఒక తల్లి బిడ్డను చంకనేసుకుని గేటు వైపు పరుగు తీసింది. అంతే, వరస వరసంతా ఆమె వెంట పడింది. క్వారంటైన్ ఆఫీసులోంచి ముక్కులకు గుడ్డలు కట్టుకుని నలుగురు పరిగెత్తుకొచ్చారు.

"అబద్ధం! నాకేం లేదు!" దొరసాని అరుస్తోంది.

"అందరూ అలాగే అంటారమ్మా, రండి" అని రెక్కలు పట్టుకున్నారు.

ఆ గొడవలో వగీహ్ కొక్కెంతో తాళం విరగ్గొట్టి లోపల పడ్డాడు.

లోపల చీకటి, ప్రత్తి వాసన. పై కప్పు దాకా బేళ్లు, తక్కువలో తక్కువ ఐదు వందలు. వెనక చిన్న తలుపు పక్క మూలన గోనె పరుచుకుని ఒక ముసలి కూలీ బీన్స్ పప్పులో రొట్టె ముంచుకుని తింటున్నాడు.

"ఎవర్రా నువ్వు? తాళం పగలగొడతావా? నీ బాబు సొమ్మా?"

"బాబాయ్, ఈ బేళ్లలో ఒకదాంట్లో బాంబుంది. నాలుగింటికి పేలుతుంది."

ముసలాడు రొట్టె నమలడం ఆపాడు. వగీహ్ కళ్లలోకి చూశాడు. రొట్టె కింద పెట్టి లేచాడు.

"మంగళవారం నేను లేనప్పుడు ఎవరో ఒక బేలు దింపారు. మావాళ్లు ఒంటిపోగు దారంతో కుడతారు. అది జంటపోగు. ఏ తలకుమాసినోడు కుట్టాడా అనుకున్నా. ఇటు రా."

కింది వరసలో మూడోది. మూడు గంటల యాభై నాలుగు. ఇద్దరూ కలిసి ఇనుప పట్టీలు తెంపారు. ప్రత్తి పీకి పారేస్తూ పోయారు. మోచెయ్యి లోతున చెక్కపెట్టె తగిలింది. మూత లేపితే లోపల సబ్బుబిళ్లల్లా పేర్చిన మందు, మధ్యలో పడకగదిలో పెట్టుకునే మామూలు అలారం గడియారం. పన్నెండు అంకె దగ్గర గాజులోంచి ఒక రాగి మొల. గంటలు లెక్కపెట్టే పళ్ల చక్రం ఒకటి పక్కనే ఆఖరి పన్ను దాకా తిరిగి ఉంది; ఇక నిమిషాల ముల్లు వచ్చి ఆ మొలని తాకితే కరెంటు పారుతుంది.

ముల్లుకీ మొలకీ మధ్య గోరంత దూరం ఉంది.

వగీహ్ జేబులోంచి పెన్ను తీశాడు. ఆఫీసు వర్క్‌షాప్ ఇచ్చిన పెన్ను అది, ఒక్క అక్షరం రాయదు, క్యాపు తిప్పితే తీగలు కోసే కత్తెర వస్తుంది. క్యాపు తిరగలేదు. దుమ్ముకి బిగుసుకుపోయింది. పళ్లతో పట్టి తిప్పాడు. కదల్లేదు.

ముల్లు కదిలింది.

పెన్ను ముసలాడి చేతిలో పెట్టి, పిడికిలితో గాజు పగలగొట్టి, చూపుడువేలు ముల్లుకీ మొలకీ మధ్య దూర్చాడు. గాజుపెంకు గోరు కింద దిగింది. ముల్లు వచ్చి వేలిని తోసింది. ఆగింది. మళ్లీ తోసింది. బయట రేవు సైరన్ నాలుగు కొట్టింది.

"బాబాయ్, ఆ క్యాపు..."

"ఆగరా నాయనా, ఆగు." ముసలాడు క్యాపుని రెండు ఇనుప పట్టీల మధ్య ఇరికించి, బూతొకటి తిట్టి ఒక్క తిప్పు తిప్పాడు.

తీగ తెగింది. ఆ తర్వాత కూడా వగీహ్ వేలు తీయడానికి చాలాసేపు పట్టింది. 

బయటికొచ్చేసరికి రేవు ఖాళీగా ఉంది. దొరసానిని గోడకి అదిమి పట్టుకున్నారు. ఆమె చేతిలో ఒకటే సూది ఉంది. రెండోది దెస్పీనా గొంతు పక్కన దిగింది. మూటల మధ్య కూర్చున్నట్టే ఉంది, ఎర్ర టోపీ కొంచెం కూడా చెదరలేదు. వగీహ్ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఈసారి చెయ్యి పట్టుకున్నాడు.

"పేల్లేదా?" అంది.

"పేల్లేదు మదాం."

"అయితే... ఓడ వెళ్తుంది" అంది. ఆ మాట మీదే ప్రాణం పోయింది.

*

నాలుగూ ఇరవై. నాలుగో అంతస్తు. ఎడారి దుమ్ము వరదలా లోపలికి కొడుతోంది. ఫైళ్ల మీద, కాఫీ కప్పులో, ఇస్మత్ బే ఇస్త్రీ సూటు మీద పసుపు పొర. రేవు వైపు కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి.

"ఇంత దుమ్ములో కిటికీలు తెరుచుకు కూర్చున్నారేం బే?" అన్నాడు వగీహ్ గుమ్మంలోంచి. "గాజు పగిలి కళ్లలో పడుతుందనా?"

ఇస్మత్ బే వాచీ మీంచి తల ఎత్తాడు. రక్తం కారుతున్న వేలు చూశాడు. కూలీ జుబ్బా చూశాడు. తప్పించుకునే మాట ఒక్కటీ ఎత్తలేదు. అదొక్కటే ఆయనలో మిగిలిన మర్యాద.

"చీటీలో ఏం తప్పు దొర్లింది మాస్టారూ? తోచిన అంకె వేస్తే లెక్క కుదరదు, నువ్వు అనుమానిస్తావు. అందుకే కుదిరేలా చేశాను."

"మరీ కుదిరింది బే."

"హుఁ." చిన్నగా నవ్వాడు. "పదేళ్ల కిందట నిన్నెందుకు తెచ్చుకున్నానో తెలుసా? ఆడపిల్లలకు పాఠాలు చెప్పుకునేవాడు, తుపాకీ పట్టుకోవడం రానివాడు. అలాంటివాడు పక్కనుంటే నాకు సుఖం అనుకున్నాను."

"హిల్మీ? బుత్రస్?"

"ఉద్యోగం."

ఆయన చెయ్యి సొరుగు వైపు జారింది. వగీహ్ కొక్కెం విసిరాడు. అది సూటు చేతిని బల్లకి గుచ్చేసి అక్కడే ఊగుతూ నిలబడింది. రక్తం రాలేదు. ఇస్మత్ బే చిరిగిన గుడ్డ వంక చూసుకుని కళ్లు మూసుకున్నాడు. మెట్ల మీద రేవు కమాండర్ మనుషుల బూట్ల చప్పుడు దగ్గరవుతోంది.

ఆదివారం వగీహ్ బుత్రస్ ఇంటికి వెళ్లాడు. పెద్దపిల్ల పుస్తకం తెచ్చి ఎదురుగా కూర్చుంది.  రెండు లెక్కలు చేసింది. రెండూ సరిగ్గానే వచ్చాయి.

సోమవారం కైరో నుంచి పెద్ద ఆఫీసరొకాయన వచ్చి వగీహ్ రాసిన రిపోర్టు చదివి, పెన్సిలుతో ఒకచోట సున్నా చుట్టాడు.

"ఇదేంటయ్యా? తెలియనివి మూడుంటే సమీకరణాలు మూడు కావాలని మా వాడి ఎనిమిదో క్లాసు పుస్తకంలోనే ఉంది. నువ్వు రెండే చూపించావు. పైవాళ్లు ఒప్పుకోరు. మూడోది ఎక్కడి నుంచి వచ్చిందో రాయి."

వగీహ్ కట్టు కట్టిన వేలితో కలం పట్టుకుని, ఖాళీగా ఉన్న గడిలో రాశాడు: "డైరెక్టర్ గారి సౌజన్యంతో."